పోపుల డబ్బా చాలని ఐ7

గాజువాక నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "మా ఇంట్లో కోర్ ఐ7 3770 ఉంది. 8 జీబీ ర్యామ్ ఒకే పుల్ల, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. కౌంటర్ స్ట్రైక్ 2 ఆటలో సెకనుకి ఎన్ని ఫ్రేములో చెప్పే అంకె బాగానే చూపిస్తుంది, ఆడుతుంటే మాత్రం మధ్యమధ్య బొమ్మ టక్కున ఆగి కదులుతుంది. ద్వారకానగర్‌లో కంప్యూటర్ కొట్లో అడిగితే ప్రాసెసర్ ముసలిదైపోయిందన్నారు. ప్రాసెసర్‌కి ముసలితనం ఉంటుందా?"

ఉండదు. 2012 ఏప్రిల్‌లో విడుదలైననాడు ఆ చిప్పు సెకనుకి 340 కోట్ల సైకిళ్లు (సైకిల్ అంటే దాని గడియారం ఒక్క టిక్కు) తిరిగేది, ఇవాళా అంతే తిరుగుతుంది. పెరిగిందల్లా ఆటకి కావలసిన సామాను. దాన్ని చేతికందేంత దగ్గరలో పెట్టుకునే చోటు మాత్రం చిప్పులో ఎంత ఉందో అంతే ఉంది. ప్రాసెసర్ పని చేయలేక కాదు, సామాను కోసం కూర్చోవలసి వచ్చి ఫ్రేము, అంటే తెర మీద పడే ఒక్కో బొమ్మ, ఆలస్యం చేస్తోంది.

బడిలో "సీపీయూ కంప్యూటర్‌కి మెదడు" అని ఒక్క వాక్యం బట్టీ పట్టించి వదిలేస్తారు. (ఆ వాక్యం అప్పజెప్పినవాళ్లమే టేబుల్ కింద ఉన్న డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటాం.) మెదడు అనగానే అది అస్తమానూ ఆలోచిస్తూ ఉంటుందనుకుంటాం. దానికి బదులు వంటమనిషి అని చెప్పి ఉంటే బాగుండేది. చెయ్యి ఎంత చురుకైనా, వేళకి ఆవాలు అందకపోతే నూనె మాడిపోతుంది.

లెక్క చూద్దాం. 3.4 గిగాహెర్ట్‌జ్ దగ్గర ఒక సైకిల్ 0.29 నానోసెకను. దాన్ని సాగదీసి ఒక సెకను అనుకోండి. చిప్పు లోపలే సామాను దాచుకునే చోట్లని క్యాష్ అంటారు. పొయ్యి పక్కనున్న పోపుల డబ్బా ఎల్1 క్యాష్. చెయ్యి చాపి తీసుకోవడానికి 4 సెకన్లు. వెనక అలమర ఎల్2, 12 సెకన్లు. పక్కనున్న సామాన్ల గది ఎల్3, సుమారు అర నిమిషం. అక్కడా లేకపోతే కుర్రాణ్ణి వీధి చివర కిరాణా కొట్టుకి తోలాలి. ఆ కొట్టే ర్యామ్. వెళ్లి రావడానికి మూడున్నర నిమిషాలు. కొట్లోనూ లేదంటే సాటా ఎస్‌ఎస్‌డీ దాకా పోవాలి. ఈ లెక్కన అది నాలుగు రోజులు, రైల్లో కాశీ వెళ్లి వచ్చినట్టు. హార్డ్ డిస్క్ అయితే ఏడాది దాటుతుంది. అది రైళ్లు లేని కాలంలో నడిచి వెళ్లిన కాశీ. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్నది ఆ కాశీ గురించే.

పోపుల డబ్బా ఎంతది? ఈ చిప్పులో వంటవాళ్లు నలుగురు, ఒక్కొక్కరూ ఒక కోరు. ఒక్కో కోరుకి డేటా కోసం ఉన్న ఎల్1, 32 కిలోబైట్లు. ప్రాసెసర్ సామాను విడిగా తెచ్చుకోదు, 64 బైట్ల ప్యాకెట్లుగానే తెచ్చుకుంటుంది. ఒక్క ఆవగింజ కావాలన్నా ప్యాకెట్ కొనాల్సిందే. అంటే డబ్బాలో పట్టేవి 512 ప్యాకెట్లు. అలమరలో 4,096. సామాన్ల గది 8 మెగాబైట్లు, లక్షా 31 వేల ప్యాకెట్లు. అది నలుగురు వంటవాళ్లకీ ఉమ్మడి. కొత్త ప్యాకెట్ పెట్టాలంటే పాతది ఒకటి తీసి పారేయాలి. పారేసింది మరుక్షణంలో మళ్లీ కావలసి వస్తే మళ్లీ కొట్టుకే. ఆటలో తిరిగే ప్రతి మనిషికీ, తూటాకీ, తలుపుకీ, శబ్దానికీ స్థితి ఉంటుంది. ప్రతి ఫ్రేములోనూ వాటన్నిటినీ ఒకసారి తడమాలి. ఆ సామాను 8 మెగాబైట్లు దాటిన రోజునే ఈ తిప్పలు మొదలవుతాయి.

సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. అందులో 5 కోట్ల 67 లక్షల సైకిళ్లున్నాయి, వినడానికి సముద్రమంత. కానీ కొట్టుకి ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్లి రావాలంటే, ఒక్కో ప్రయాణం 60 నానోసెకన్ల చొప్పున, 2 లక్షల 78 వేల ప్రయాణాలకే ఫ్రేము మొత్తం అయిపోతుంది. ఇక హార్డ్ డిస్క్‌కి ఒక్క ప్రయాణమే సుమారు 10 మిల్లీసెకన్లు తింటుంది.

వంటమనిషి అంతసేపూ చేతులు ముడుచుకుని కూర్చుంటాడా అంటే, లేదు. కుర్రాడు వచ్చేలోగా ఉల్లిపాయలు తరుగుతాడు, చింతపండు నానేస్తాడు. దీన్నే అవుట్ ఆఫ్ ఆర్డర్ అంటారు: వరసలో వెనకున్న పనుల్లో ఇప్పుడే చేయగలిగినవి ముందు చేసేయడం. అయితే తేలని పనుల్ని గుర్తుపెట్టుకునే పలక ఒకటి ఉంటుంది. ఐ7 3770లో ఆ పలక మీద 168 చిన్న పనులు పడతాయి. సైకిల్‌కి నాలుగు చొప్పున చేరితే 42 సైకిళ్లకి పలక నిండుతుంది. కుర్రాడు రావడానికి 200 పైన. మిగతా 160 సైకిళ్లూ వంటిల్లు నిశ్శబ్దం. 2021లో వచ్చిన ఇంటెల్ ఆల్డర్ లేక్ చిప్పుల పెద్ద కోర్లలో ఈ పలక 512కి పెరిగింది.

హైపర్ థ్రెడింగ్ ఎందుకు పనికొస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒకే వంటమనిషికి రెండు పొయ్యిలు: ఒకదానికి సామాను రావాల్సి ఉంటే రెండోదాని మీద గరిటె తిప్పుతాడు. అదే తరం ఐ5 3570కి నాలుగు కోర్లే గానీ రెండో పొయ్యి లేదు, సామాన్ల గది కూడా 6 మెగాబైట్లే. సగటు అంకెలో రెండూ దగ్గరగా కనిపించినా, జనం కిక్కిరిసిన చోట ఐ5 తడబడి ఐ7 నడిచిపోవడం అందుకే.

కుర్రాడు తెలివైనవాడు కూడా. ఆవాలు, ఆ తర్వాత జీలకర్ర అడిగితే, మూడోసారి మెంతులు అడక్కముందే తెచ్చేస్తాడు, ఇది ప్రీఫెచ్. వరసగా పేర్చిన డేటాకి ఈ తెలివి అద్భుతంగా పనిచేస్తుంది. ఆటల్లో సగం డేటా అలా ఉండదు. కొట్టుకి వెళ్తే సరుకు బదులు చీటీ ఇస్తారు: "ఇంకో కొట్టుకి వెళ్లు." అక్కడికెళ్తే మరో చీటీ. చేతిలో ఉన్న చీటీ చదివితే గానీ తర్వాతి కొట్టేదో తెలియదు, ముందుగా తేవడానికి లేదు. ప్రోగ్రామర్లు దీన్నే పాయింటర్ల వెంట పరుగు అంటారు. పాత చిప్పు మోకాళ్లు విరిగేది ఇక్కడ.

కొత్త ర్యామ్ వేగం కాదా అని అడగొచ్చు. డీడీఆర్3-1600, సీఎల్9 పుల్ల (సీఎల్ అంటే జవాబుకి ముందు ఆగే టిక్కులు) జవాబు మొదలుపెట్టడానికి 11.25 నానోసెకన్లు. డీడీఆర్5-6000, సీఎల్30 పుల్లకి 10. ఒకేసారి మోసుకొచ్చే బరువు ఎన్నో రెట్లు పెరిగిందే గానీ, కొట్టు మాత్రం ఇంటికి దాదాపు దగ్గరపడలేదు. అందుకే తయారీదారులు సామాన్ల గదినే పెంచారు. ఏఎండీ 2022 ఏప్రిల్‌లో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీలో ఎల్3 96 మెగాబైట్లు. దాని అన్న 5800ఎక్స్‌లో 32. గరిష్ఠ వేగం 4.7 నుంచి 4.5 గిగాహెర్ట్‌జ్‌కి తగ్గించి అమ్మినా, ఆటల్లో తమ్ముడే గెలిచాడు. గిగాహెర్ట్‌జ్ చూసి ప్రాసెసర్ కొనేవాళ్లకి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

మరి 2012 నాటి చిప్పు ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చింది? పుణ్యం గేమ్ కన్సోళ్లది. 2013లో వచ్చిన పీఎస్4లో 1.6 గిగాహెర్ట్‌జ్ బలహీన కోర్లు ఎనిమిది. ఆటలు రాసేవాళ్లు వాటికి సరిపోయేలా రాయక తప్పలేదు, ఐ7కి అది పిల్లకాలువ. 2020 నవంబరులో పీఎస్5 వచ్చి 3.5 గిగాహెర్ట్‌జ్ జెన్2 కోర్లు ఎనిమిది ఇచ్చాక ఆ రక్షణ పోయింది.

ఇక గాజువాక ఇంటి సంగతి. అసలు దోషం ప్రాసెసర్‌దా, కార్డుదా తేల్చాలి. కౌంటర్ స్ట్రైక్ 2లో పొగ గ్రాఫిక్స్ కార్డుకీ భారమే. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో పాటు వచ్చే రివాట్యూనర్‌తో తెర మీద ఫ్రేమ్ టైమ్ గీత పెట్టుకోండి. సగటు అంకె మోసం చేస్తుంది: 99 ఫ్రేములు 10 మిల్లీసెకన్లలో వచ్చి ఒక్కటి 60 తీసుకుంటే సగటు 95 అనే చూపిస్తుంది, కన్ను మాత్రం ఆ ఒక్కదాన్నే పట్టుకుంటుంది. గీత ఎగిరిన క్షణంలో కార్డు వాడకం 97, 98 శాతంలో ఉంటే భారం కార్డు మీద. 60, 70కి పడిపోతే కార్డు ఖాళీగా ఉండి ప్రాసెసర్ కోసం చూస్తోంది. అనుమానం తీరకపోతే రిజల్యూషన్ 1080పీ నుంచి 720పీకి దించండి. ఫ్రేములు పెరగలేదా, ప్రాసెసర్ వైపే.

ఆ తర్వాత ర్యామ్. 8 జీబీ ఒకే పుల్ల అంటే రెండు తప్పులు ఒకేసారి. ఆట, బ్రౌజర్, డిస్కార్డ్ కలిస్తే 8 నిండిపోయి మిగిలింది డిస్క్ మీదికి పోతుంది, అంటే కాశీకి. పైగా కొట్టుకి రెండు గుమ్మాలుంటే ఒకటే తెరిచి ఉంచినట్టు: డీడీఆర్3-1600 ఒక పుల్లతో సెకనుకి 12.8 జీబీ, రెండింటితో 25.6. నలుగురు వంటవాళ్ల కుర్రాళ్లూ ఒకే గుమ్మం దగ్గర వరస కడుతున్నారు. ఇంకో 8 జీబీ వేయండి. నాలుగు స్లాట్ల బోర్డులో జత స్లాట్లు ఒకటి విడిచి ఒకటి, సాధారణంగా ఒకే రంగులో ఉంటాయి. సీపీయూ-జెడ్‌లో మెమరీ పేజీ తెరిస్తే "డ్యూయల్" అని రావాలి. వేగం 800 అని చూపిస్తే కంగారు పడకండి, డీడీఆర్ కాబట్టి దానికి రెట్టింపు లెక్క. ఒకటి 1333, ఒకటి 1600 కలిపితే రెండూ 1333 దగ్గరే నడుస్తాయి. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా దొరికే డీడీఆర్3 పుల్లల్లో కొన్ని ఏఎండీ బోర్డులకే పనికొస్తాయి. ఇంటెల్ బోర్డులో పెడితే తెర నల్లగానే ఉంటుంది.

ర్యామ్ క్లీనర్, గేమ్ బూస్టర్ అనేవి మాత్రం తీసేయండి. కొట్లో ఉన్న సరుకంతా లారీకెత్తి కాశీకి పంపి, "చూశారా, కొట్టు ఎంత ఖాళీగా ఉందో" అనడమే వాటి పని. ఎఫ్5 నొక్కి డెస్క్‌టాప్ రిఫ్రెష్ చేస్తే ఆట వేగమవుతుందన్న నమ్మకం కూడా ఈ కోవదే, కాకపోతే దానివల్ల నష్టం లేదు.

సెట్టింగుల్లో జనసాంద్రత, చూపు దూరం, నీడల దూరం, రే ట్రేసింగ్ తగ్గించండి. ప్రాసెసర్ మీద పడేవి అవి. టెక్స్‌చర్లు, రిజల్యూషన్ తగ్గిస్తే ప్రాసెసర్‌కి ఒరిగేదేమీ లేదు. ఫ్రేములు 95కీ 62కీ మధ్య ఊగుతుంటే రివాట్యూనర్‌లో 60 దగ్గర కట్టేయండి. సమంగా వచ్చే 60, ఎగిరిపడే 95 కన్నా కంటికి హాయి. ఆట ఆడేటప్పుడు బ్రౌజర్ మూసేయమనేది ర్యామ్ కోసమే కాదు. సామాన్ల గది ఉమ్మడి కదా, వెనక నడిచే వీడియో మీ ప్యాకెట్లని బయటికి నెట్టేస్తుంది.

విశాఖలో ఇంకో శత్రువు గాలి. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ లాంటి సముద్రం దగ్గరి చోట్ల చెమ్మ, ఉప్పు కలిసి దుమ్ముని హీట్‌సింక్ రెక్కల మధ్య ముద్దలా పట్టించేస్తాయి. ఊదితే పోదు, కుంచెతో రాల్చాలి. ఏళ్ల నాటి థర్మల్ పేస్ట్ సున్నంలా ఎండి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, శనగగింజంత కొత్త పేస్ట్ మధ్యలో పెట్టండి. కంపెనీ ఫ్యాన్ నాలుగు పిన్నులూ ఎదురుబొదురు మూలల నుంచి నొక్కి, బోర్డు వెనక నాలుగూ పొడుచుకొచ్చాయో లేదో చూడండి. ఒకటి ఊడినా ఫ్యాన్ ఒక పక్కకి లేచి వేడి ఎగబాకుతుంది. ఈ చిప్పు 105 డిగ్రీల దగ్గర తనకు తానే వేగం తగ్గించుకుంటుంది. ర్యామ్ పుల్లల బంగారు పళ్లు మసకబారితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే చాలు. దసరాకి ఆయుధపూజ చేసేవాళ్లు బొట్లు పక్క రేకు మీద పెట్టండి. ముందు జాలీ మీద పెడితే ఫ్యాన్ కుంకుమంతా లోపలికి లాక్కుంటుంది.

ఎక్కువమంది మర్చిపోయేది బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ. అది చచ్చిపోతే, కరెంటు పోయినప్పుడల్లా బయోస్ (కంప్యూటర్‌ని లేపే బోర్డు మీది ప్రోగ్రాం) పుట్టినప్పటి స్థితికి వెళ్తుంది. ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు పోయి ర్యామ్ నెమ్మదిస్తుంది, మీకు చెప్పేవాళ్లుండరు. కొన్ని బోర్డుల్లో డిస్క్ పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారి విండోస్ లేవడం మానేస్తుంది. గడియారం తప్పు తేదీ చూపిస్తోందంటే బిళ్ల మార్చండి.

గ్రాఫిక్స్ కార్డు మార్చేవాళ్లు లైన్లు, అంటే కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారులు, చూసి కొనాలి. జీటీఎక్స్ 1650కి 16 లైన్లున్నాయి, పాత బోర్డులో ఇబ్బంది లేదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే. పీసీఐఈ 4.0 బోర్డులో అవి సెకనుకి 8 జీబీ మోస్తాయి, 3.0లో 4, ఐ5 2400 తరమైన శాండీ బ్రిడ్జ్ నాటి 2.0లో 2. ఇంటెల్ ఆర్క్ కార్డులకి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి చూడనిచ్చే వీలు) కావాలి, ఆ పాత కాలపు బోర్డులు అది ఇవ్వవు.

పోపుల డబ్బా లెక్కతో సంబంధం లేని గోడలు కూడా కొన్ని ఉన్నాయి. ఒకే దెబ్బకి ఎక్కువ లెక్కలు చేసే ఏవీఎక్స్2 ఆదేశాలు ఇంటెల్‌లో 2013 నాటి హాస్వెల్ చిప్పుల నుంచే వచ్చాయి. అవి తప్పనిసరిగా అడిగే కొత్త ఆట ఐ7 3770 మీద తెరుచుకోదు, ఎంత ర్యామ్ వేసినా. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ నుంచే. వాలరెంట్ ఆట విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఉంటేనే ఆడనిస్తుంది.

ఐ5 2400 ఉన్నవాళ్లు అదే ఎల్‌జీఏ 1155 సాకెట్ బోర్డులో వాడిన ఐ7 3770 వేసుకోవచ్చు. హెచ్61 బోర్డు అయితే ముందు బయోస్ అప్‌డేట్ చేయాల్సి రావచ్చు. అది పాత చిప్పు బోర్డులో ఉండగానే, కంప్యూటర్ యూపీఎస్ మీద ఉండగానే చేయండి; మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుంది, హుద్‌హుద్ చూసిన ఊరికి కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. కొత్త చిప్పు పెట్టాక బొమ్మ రాకపోతే వెనక్కి వెళ్లే దారి ఆ ఐ5 ఒక్కటే. నెల రోజులైనా దాన్ని అమ్మకండి.