చంపొద్దు నుంచి లేపొద్దు దాకా: క్రిస్టల్ రివర్ మానటీలు

ఫ్లోరిడా పశ్చిమ తీరంలోని క్రిస్టల్ రివర్‌ అనే ఊళ్లో చలికాలం వచ్చిందంటే పర్యాటకులను మానటీలతో (నీళ్లలోనే బతుకుతూ గడ్డి మేసే పెద్ద క్షీరదాలు) కలిసి ఈదించడమే పెద్ద వ్యాపారం. అమెరికాలో దానికి చట్టం ఒప్పుకునేది ఆ ఊరున్న సిట్రస్ కౌంటీలోనే అని చెబుతారు. (మన తీరాల్లో సముద్రపు ఆవు అనేది దీని బంధువు డుగాంగ్‌ని. మానటీ భారత్‌లో లేదు.)

మానటీది మూడు మీటర్ల పొడవు, దాదాపు 450 కిలోల బరువు. చూడ్డానికి లావే గానీ తిమింగలానికి ఉన్నట్టు మందపాటి కొవ్వు పొర లేదు, ఒంట్లో వేడి పుట్టడమూ తక్కువే. నీళ్లు 20 డిగ్రీల కంటే చల్లబడి రోజుల తరబడి అలాగే ఉంటే మేత మానేస్తుంది, చర్మం పుండ్లు పడుతుంది, చివరికి చచ్చిపోతుంది. క్రిస్టల్ రివర్ ఊరి పక్కనున్న కింగ్స్ బే అనే ఖాతంలోని ఊటల్లో మాత్రం ఏడాదంతా 22 డిగ్రీల నీరు ఊరుతుంది. రెండంటే రెండు డిగ్రీల తేడా మీద నిలిచిన బతుకది.

మానటీలను చంపడాన్ని ఫ్లోరిడా 1893లోనే అడ్డుకుంది. 1967లో అంతరించే ముప్పున్న జీవుల జాబితాకెక్కాయి. 1972, 1973 నాటి కేంద్ర చట్టాలు వేధింపునూ నేరం చేశాయి. అప్పటి ప్రధాన భయం పడవలది. వీపు మీది ప్రొపెల్లర్ గాట్లను బట్టే పరిశోధకులు ఇప్పటికీ ఒక్కోదాన్ని గుర్తుపడతారు. 1980లో కింగ్స్ బేలో మూడు చోట్ల చలికాలంలో మనుషులెవరూ దిగకుండా తాళ్లు కట్టారు. 1998కల్లా అవి ఏడయ్యాయి. ఈలోగా 1983లో అక్కడ జాతీయ అభయారణ్యమూ వచ్చింది.

తాడు ఇవతల ఏం చేస్తే వేధింపు? అసలు తగువంతా ఇక్కడే. 2012 నిబంధన ఒక్కో పనినీ పేరు పెట్టి చెప్పింది: తరమడం, చుట్టుముట్టడం, ఎక్కడం, పట్టుకోవడం, పొడవడం, మేత పెట్టడం, తల్లినీ పిల్లనీ విడదీయడం, పడుకున్నదాన్ని కదిలించడం. నా లెక్కలో అసలు మలుపు ఇదే. ముట్టుకుంటే గాయమేమీ కాదు. కానీ ఉలిక్కిపడి లేచిన మానటీ ఊట వదిలి చల్లటి నీళ్లలోకి పోతుంది.

నీళ్లలో పాటించాల్సింది కూడా దీన్నుంచే వచ్చింది. మందపాటి వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే ఈత దుస్తు) చలిని ఆపుతుంది, మనిషిని తేలుస్తుంది కూడా. చంకల కింద ఫోమ్ నూడిల్ (నీటిపై తేలే పొడవాటి నురుగు కడ్డీ) పెట్టుకుని బోర్లా తేలాలి, కాళ్లు ఆడించకూడదు, చేతులతో మెల్లగా జరగాలి. కాలు కిందికి వేలాడిందా, అడుగున ఉన్న ఒండ్రు లేచి నీళ్లు మసకబారతాయి. వెనకాల వచ్చేవాడు నిద్రపోతున్న మానటీ మీదికే తేలిపోతాడు. మెరీనాల్లో గొట్టంతో మంచినీళ్లు పట్టడం జాలిగా కనిపిస్తుంది గానీ అదీ నేరమే. నీళ్లు దొరికే చోటు మరిగిన జంతువు పడవల దారిలోనే తిరుగుతుంది.

2017లో ముప్పు స్థాయి ఒక మెట్టు తగ్గించారు. కానీ 2021లో ఫ్లోరిడాలో దాదాపు 1,100 మానటీలు చనిపోయాయి. తూర్పు తీరాన ఇండియన్ రివర్ లగూన్‌లో కలుషిత నీటి వల్ల నాచు కమ్మి, సముద్రపు గడ్డి నశించి, ఆకలికి పోయినవే ఎక్కువ. ఈతగాళ్ల మర్యాద ఎంత పెరిగినా దాన్ని ఆపలేదు. కింగ్స్ బేలోనూ ఇదే దిగులు. అందుకే అక్కడ అడుగున పేరుకున్న నాచు, బురద తోడేసి గడ్డి నాటుతున్నారు. వేళ్లు నిలదొక్కుకునే దాకా మానటీలే మేసేయకుండా పైన బోనులు బోర్లిస్తున్నారు.