లారీ ఆగిన చోటు

రహదారి వెంట హెచ్‌ఐవి ముప్పును పటంలో గుర్తించాలంటే ముందుగా చూడవలసింది లారీలు ఎక్కడ, ఎంతసేపు ఆగుతున్నాయన్నది. సరుకు దింపేందుకు వంతు రాక ట్రాన్స్‌పోర్ట్ యార్డులో రెండు రాత్రులు పడి ఉన్న లారీ, ఇల్లు చూసి వారాలు గడిచిన డ్రైవరు, ఆ చుట్టుపక్కల సెక్స్ వర్క్‌తో బతుకు వెళ్లదీసే స్త్రీ కలిసే చోటే ఆ ముప్పు మొదలవుతుంది.

చికిత్స తీసుకోని వ్యక్తితో కండోమ్ లేకుండా ఒక్కసారి కలిస్తే, పురుషుడి నుంచి స్త్రీకి వైరస్ సోకే అవకాశం సగటున 10,000లో 8 అని, స్త్రీ నుంచి పురుషుడికి 4 అని అంచనా. సుఖవ్యాధుల పుండ్లుంటే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. స్త్రీలే రోగాన్ని అంటిస్తారన్న మాట ఎంత అన్యాయమో ఈ అంకెలే చెబుతాయి: ఒక్కో కలయికలో ఎక్కువ ప్రమాదం ఆమెకే, పైగా ఆమెకు విటులు అనేకులు. లారీ డ్రైవర్లను జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ‘వారధి’ వర్గంగా, అంటే ముప్పు ఎక్కువున్నవారి నుంచి మిగతా జనానికి వైరస్‌ను చేర్చగల వర్గంగా లెక్కిస్తుంది; ఆ వారధికి అవతలి ఒడ్డున ఇంట్లో ఉన్న భార్య కూడా ఉంటుంది.

చాటుగా బతికే ఈ సెక్స్ వర్కర్లను లెక్కించడం సులభం కాదు. మొదటి వారం 100 మందికి గుర్తుగా ఒక చిన్న వస్తువు ఇచ్చారనుకుందాం. మరుసటి వారం కలిసిన 80 మందిలో 40 మంది దగ్గర అది ఉంటే, ముందు కలిసిన 100 మంది మొత్తంలో సగమే కాబట్టి అక్కడ దాదాపు 200 మంది ఉన్నట్టు. అయితే హైవే మీద గుర్తు తీసుకున్నవారు వెళ్లిపోయి కొత్తవారు వస్తుంటారు కనుక ఈ లెక్క అసలుకన్నా ఎక్కువ చూపుతుంది. దీన్ని సరిదిద్దగలిగేది ఆ చోటు తెలిసిన స్త్రీలే. 2003లో గేట్స్ ఫౌండేషన్ నిధులతో మొదలై, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోనూ జాతీయ రహదారుల వెంటా సాగిన ఆవాహన్ అనే హెచ్‌ఐవి నివారణ కార్యక్రమంలో ఆ స్త్రీలే పీర్ ఎడ్యుకేటర్లు, అంటే తోటివారికి అవగాహన కల్పించేవారు అయ్యారు. ఏ ధాబా దగ్గర ఏ వేళ ఎందరుంటారో, క్లినిక్ ఏ గంటకు తెరిస్తే రాగలరో వారికే తెలుసు. అదే పటం పోలీసుల చేతికో ఇంటి యజమాని చేతికో చిక్కితే వారి బతుకు రోడ్డున పడుతుంది. అందుచేత అంకెలను మాత్రమే బయటపెట్టి, చోట్లను గోప్యంగా ఉంచాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ పటం త్వరగా పాతబడుతుంది. 2017 జులైలో జీఎస్‌టీ వచ్చాక రాష్ట్ర సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేయడంతో తడ, ఇచ్ఛాపురం వంటి చోట్ల పన్ను కాగితాల కోసం లారీలు ఆగవలసిన పని తప్పింది. ఈలోగా బేరం రోడ్డు పక్క నుంచి ఫోన్‌లోకి మారింది. ధాబా వెనుక నిలబడి లెక్కపెట్టేవారికి ఎవరూ కనబడని పరిస్థితి వచ్చింది. అందుకే 2020-22లో నాకో చేపట్టిన దేశవ్యాప్త లెక్కింపులో హాట్‌స్పాట్లతో (విటులు, సెక్స్ వర్కర్లు కలిసే చోట్లతో) పాటు, ఫోన్ ద్వారా విటులను కుదిర్చే మధ్యవర్తుల నెట్‌వర్కులనూ చేర్చవలసి వచ్చింది.