నానోపార్టికల్స్ ఒంట్లోంచి బయటికి ఎలా పోతాయి? కిడ్నీ దారి వెనక ఉన్న కథ

నానో మందులు, అంటే నానోమీటర్ల (మీటర్లో వంద కోట్లో వంతు) సైజులో ఉండే నలుసులతో చేసినవి, వాటి గురించి ఎక్కడ చదివినా క్యాన్సర్ గడ్డ దగ్గరికి నేరుగా వెళ్తాయనే ఉంటుంది, సరే వెళ్ళాయి, పని అయిపోయాక అవి ఒంట్లోంచి ఎలా పోతాయి అని అడిగేవాళ్ళు తక్కువ. నా దృష్టిలో ముందు అడగాల్సింది అదే, ఎందుకంటే అడక్కపోతే ఏమవుతుందో ఆల్రెడీ ఒకసారి చూశాం.

1930ల్లో థోరోట్రాస్ట్ అని ఒకటి వచ్చింది. ఎక్స్‌రేలో రక్తనాళాలు కనపడటానికి ఎక్కించే మందు, అందులో ఉండేది థోరియం డయాక్సైడ్, సైజు నానోమీటర్లలోనే. ఫిల్మ్ మీద బొమ్మ చాలా క్లియర్‌గా పడేది, పేషెంటుకి అప్పటికప్పుడు ఏ ఇబ్బందీ ఉండేది కాదు, దాంతో చాలా దేశాల్లో లక్షల మందికి ఎక్కించేశారు. జాగ్రత్త అని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1932లోనే చెప్పింది, అయినా వాడకం ఆగలేదు. అది మూత్రంలో పోలేదు, లివర్‌లో స్ప్లీన్‌లో ఉండే సెల్స్ దాన్ని మింగి అలాగే దాచుకున్నాయి, థోరియం ఏమో రేడియోధార్మిక పదార్థం, అక్కడే కూర్చుని ఏళ్ళ తరబడి ఆల్ఫా రేడియేషన్ ఇస్తూనే ఉంది. ఇరవై ముప్ఫై ఏళ్ళకి లివర్ క్యాన్సర్లు బయటపడ్డాయి. 1950ల్లో వాడటం మానేశారు గానీ అప్పటికే ఎక్కించుకున్న వాళ్ళకి అది చచ్చేదాకా ఒంట్లోనే ఉండిపోయింది.

మరి కిడ్నీ దేన్ని పోనిస్తుంది? ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల ఫిల్టర్లు, గ్లోమెరులస్ అంటారు, రెండు కిడ్నీలూ కలిసి రోజుకి 180 లీటర్ల దాకా వడకడతాయి. ఫిల్టర్ గోడ మూడు పొరలు. రక్తం వైపు పొరలో రంధ్రాలు 70 నుంచి 100 నానోమీటర్లు, అంటే పెద్దవే, అసలు అడ్డం దాని వెనకున్న మెంబ్రేన్, ఆ తర్వాత పోడోసైట్లు అనే సెల్స్ మధ్య సందులు. 1970ల్లో బ్యారీ బ్రెన్నర్ టీమ్ ఎలుకలకి డెక్స్‌ట్రాన్ (చక్కెర గొలుసుల్లాంటి పదార్థం) ఎక్కించి చూస్తే ఒకే సైజు ఉన్నా నెగటివ్ ఛార్జ్ ఉన్నవి తక్కువ దిగాయి. సైజు ఒక్కటే కాదు, ఛార్జ్ కూడా లెక్కే అని అప్పుడు అర్థమైంది.

నానోపార్టికల్స్‌కి లెక్క తేలింది మాత్రం 2007లో. బోస్టన్‌లో హాక్ సూ చోయ్, జాన్ ఫ్రాంజియోనీ, ఎంఐటీలో మౌంజీ బావెండీ (2023లో నోబెల్ వచ్చింది ఈయనకే) కలిసి క్వాంటమ్ డాట్స్‌ని (వెలుగునిచ్చే సెమీకండక్టర్ నలుసులు) 4.36 నుంచి 8.65 నానోమీటర్ల దాకా రకరకాల సైజుల్లో చేసి ఎలుకలకి ఎక్కించారు. 5.5 కంటే చిన్నవి గబగబా మూత్రంలోకి వచ్చేశాయి, పెద్దవి అలా పోలేక ఒంట్లోనే ఉండిపోయాయి. నాకు బాగా నచ్చింది ఇందులో పైపూత సంగతి. పైన ఛార్జ్ ఒకవైపే ఉంటే రక్తంలో ప్రొటీన్లు వచ్చి అతుక్కుని సైజు 15 నానోమీటర్లు దాటిపోతోంది, అందుకని ప్లస్సూ మైనస్సూ రెండూ ఉండే సిస్టీన్ అనే అమైనో ఆమ్లం పూశారు, ప్రొటీన్ అతుక్కోలేదు. ఈ క్వాంటమ్ డాట్స్‌లో కాడ్మియం అనే విష లోహం ఉంటుంది కాబట్టి బయటికి రావడం అనేది చిన్న విషయం కాదు.

2017లో ఇంకో మలుపు. పిండి జల్లిస్తే ఎంత సన్నగా ఉంటే అంత త్వరగా దిగుతుంది కదా, కిడ్నీ కూడా అంతే అనుకున్నారు, కానీ టెక్సస్ యూనివర్సిటీ డాలస్‌లో జియె జెంగ్ టీమ్ చూస్తే 25 పరమాణువుల బంగారు నలుసుల కంటే 18, 15 పరమాణువులవి ఇంకా నెమ్మదిగా పోయాయి, మొదట్లో 4 నుంచి 9 రెట్లు తక్కువ! మరీ చిన్నవి రక్తనాళం లోపలి గోడకి ఉండే గ్లైకోకేలిక్స్ అనే జిగురులాంటి పొరలో చిక్కుకుంటున్నాయన్నమాట.

మనుషుల్లోకి కూడా వచ్చింది ఇది. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో చేసిన సీ డాట్స్ అనే సిలికా నానోపార్టికల్స్‌ని మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) ఉన్న 5 గురికి ఇచ్చి 2014లో రిజల్ట్స్ ప్రచురించారు, కిడ్నీ దారినే పోయాయి.

కానీ ఈ లెక్కలు చాలావరకు బాగా పనిచేసే కిడ్నీల మీద కట్టినవి. ఎంఆర్ఐ స్కాన్‌లో బొమ్మ బాగా పడటానికి ఎక్కించే గడోలినియం మందు అసలు నానోపార్టికలే కాదు, అంతకంటే చిన్నది, ఈజీగా పోయేదే, అయినా కిడ్నీ దెబ్బతిన్న వాళ్ళలో కొందరికి చర్మం గట్టిపడిపోయే జబ్బు వచ్చిందని 2006లో బయటపడి 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి వార్నింగ్ పెట్టాల్సి వచ్చింది. శ్రీకాకుళం ఉద్దానంలో ఎంతమందికి కిడ్నీలు సగం కూడా పనిచేయట్లేదో మనకి తెలుసు, రేపు ఇలాంటి మందు వాళ్ళ దాకా వస్తే రక్తంలో క్రియాటినిన్ ఎక్కువున్న (అంటే కిడ్నీ సరిగ్గా పనిచేయని) వాళ్ళలో విడిగా టెస్ట్ చేశారా, ఎన్నాళ్ళకి బయటికి పోయింది అనేది డాక్టర్‌ని, కంపెనీని ముందే అడగాలి.