పోచంపల్లి నుంచి జార్జియా దాకా: ట్రస్టు భూమికి పెద్దదిక్కు ఎవరు?

అట్లాంటాలో ఉండే మనవాళ్లకు ఆల్బనీ కారులో మూడు గంటల దారి. న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీ కాదు, ఇది నైరుతి జార్జియాలోని చిన్న ఊరు. పెకాన్ తోటలు, వేరుశనగ చేలు, పైన్ చెట్లు. చూడ్డానికి ఏముందిలే అని అటు వెళ్లేవాళ్లు తక్కువ. కానీ అక్కడ 1969లో పుట్టిన ఒక భూమి ట్రస్టు వేర్లు వెతుక్కుంటూ పోతే మన పోచంపల్లిలో తేలతాం. అవును, చీరల పోచంపల్లే.

మన దగ్గర ఇప్పుడు భూదాన భూమి (భూమి లేనివాళ్లకు పంచమని భూస్వాములు దానమిచ్చింది) పేపర్లో కనిపించిందంటే అది కబ్జా వార్తే అయి ఉంటుంది. మహేశ్వరం మండలం నాగారం భూముల వ్యవహారం హైకోర్టుకు, ఈడీకి చేరాక పాత ప్రశ్న మళ్లీ లేచింది. దానమిచ్చిన భూమిని ఎవరు కాపాడాలి? ట్రస్టనో బోర్డనో పేరు పెట్టినంత మాత్రాన భూమి నిలవదు, దాని కుర్చీల్లో ఎవరు కూర్చున్నారన్నదే తేలుస్తుంది. ఆ సంగతి తెలంగాణ ఒకలా నేర్చుకుంది, జార్జియా ఇంకోలా నేర్చుకుంది.

1951 ఏప్రిల్. సాయుధ పోరాటం చివరి నెలలు. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం కోసం వినోబా భావే వార్ధా దగ్గరి పవనార్ నుంచి నడిచి వచ్చారు. (శివరాంపల్లి అప్పుడు పల్లె. ఇప్పుడు ఫ్లైఓవర్ పిల్లర్ నంబరు చెబితేగానీ ఆటో ఆగని చోటు.) సభ ముగిశాక నల్లగొండ జిల్లా వైపు నడక సాగించి 18వ తేదీన పోచంపల్లి చేరారు. అక్కడి దళితవాడలో 40 కుటుంబాల వాళ్లు, పని దొరకడం లేదు, భూమి ఇప్పించమన్నారు. ఎంత కావాలని అడిగితే వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని 80 ఎకరాలు చాలన్నారు. సగం తరి (మాగాణి), సగం ఖుష్కి (మెట్ట). అంటే ఇంటికి రెండెకరాలు. బతకడానికి ఎంత కావాలో అంతే అడిగారు, ఎకరం ఎక్కువ కాదు. ప్రభుత్వానికి రాయాలా అని ఆలోచిస్తూనే వినోబా అక్కడ చేరిన ఊరివాళ్లను అడిగారు, మీలో ఎవరైనా ఇవ్వగలరా అని. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు.

తర్వాతి సంగతి తెలిసిందే. తెలంగాణలో 51 రోజుల్లో 200 ఊళ్లు తిరిగితే 12,201 ఎకరాలు వచ్చాయి. దేశం మొత్తం మీద 40 లక్షల ఎకరాలు దాటింది. లక్ష్యం మాత్రం 5 కోట్లు.

వచ్చిన దాంట్లో రాళ్ల నేల ఉంది, కోర్టు తగాదాల్లో ఉన్నదీ ఉంది. కాగితం మీద ఇచ్చి నేల మీద వదలని దాతలూ ఉన్నారు. పంచిన భూమి అమ్మకూడదనే షరతు పెట్టినా, ఎవరి ముక్క వాళ్లది అయ్యాక అప్పులవాడి ముందు ఆ షరతు ఎన్నాళ్లు నిలుస్తుంది? విత్తనాలకు డబ్బు లేదు, ఎద్దులు లేవు. 1965లో ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టం తెచ్చింది. దాని కింద బోర్డు ఏర్పడింది. కానీ ఆ బోర్డు నియామకాలతో నడిచేది. పొలంలో ఉన్నవాడికి అందులో కుర్చీ లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఎకరం రేటు కోట్లకు చేరాక కాపలా ఎంత పల్చనో బయటపడింది.

ఒంటరి పట్టా నిలవదని వినోబాకు తొందరగానే అర్థమైనట్టుంది. 1952లో ఉత్తరప్రదేశ్‌లోని మంగ్రోఠ్ ఊరు ఊరంతా భూమి ఇచ్చేసింది. అదే మొదటి గ్రామదానం. హక్కు గ్రామసభది, సాగు రైతుది. బయటివాడికి అమ్మడానికి వీల్లేదు.

సముద్రాలు దాటింది ఈ ఆలోచనే. రాల్ఫ్ బోర్సోడి అనే అమెరికన్ భారత్‌లో కొన్నాళ్లు ఉండి గ్రామదానం సంగతి తెలుసుకున్నాడు. ఆయన, రాబర్ట్ స్వాన్ కలిసి 1967లో న్యూ హాంప్‌షైర్‌లోని ఎక్సెటర్‌లో ఒక సంస్థ పెట్టారు. స్వాన్ వడ్రంగి, శాంతివాది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరనన్నందుకు జైలుకెళ్లాడు. 1964లో మిసిసిపీలో తగలబెట్టిన నల్లవారి చర్చిలను తిరిగి కట్టే పనిలో ఉన్నాడు.

అప్పటికి నైరుతి జార్జియాలో చార్లెస్ షెరాడ్ పౌరహక్కుల పనిలో ఉన్నాడు, 1961 నుంచి. ఓటు నమోదు చేయించుకున్న పాలికాపును దొర ఇంట్లోంచి గెంటేయడం అక్కడ మామూలు. దొర అనే మాట నాది, కానీ తెలంగాణవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. ఓటు హక్కు నిలవాలంటే కాళ్ల కింద నేల తనదై ఉండాలి. భూముల క్రయవిక్రయాలు తెలిసిన స్లేటర్ కింగ్ కూడా ఆల్బనీ పౌరహక్కుల ఉద్యమంలోనివాడే. 1968లో షెరాడ్, కింగ్, స్వాన్ ఉన్న బృందం ఇజ్రాయెల్ వెళ్లింది. అమ్మకుండా దీర్ఘకాలపు లీజుకు భూమి ఎలా ఇస్తారో చూసి వచ్చింది. 1969 మార్చిలో కింగ్ కారు ప్రమాదంలో చనిపోయాడు. అదే ఏడాది 'న్యూ కమ్యూనిటీస్' రిజిస్టరయింది, మొదట్లో చెప్పిన ట్రస్టు ఇదే. ఆల్బనీ పక్కనున్న లీ కౌంటీలో సుమారు 5,700 ఎకరాలు, పది లక్షల డాలర్ల పైచిలుకు ధర, దాదాపు అంతా అప్పే.

వాషింగ్టన్ నుంచి ప్రణాళికకు డబ్బు వచ్చింది. అసలు నిధులకు గవర్నర్ లెస్టర్ మాడాక్స్ అడ్డుపడ్డాడు. అనుకున్న ఇళ్లు లేవలేదు, వ్యవసాయం మాత్రం నడిచింది. వేరుశనగ, సోయా, పుచ్చకాయలు, ద్రాక్ష, పందులు. స్మోక్‌హౌస్‌లో మాంసానికి పొగపెట్టి 19వ నంబరు హైవే పక్కన అమ్మేవారు. చెరకు పాకం కూడా. చుట్టూ ఉన్న తెల్ల భూస్వాములకు ఇదంతా కంటగింపే, తుపాకులు పేలిన రోజులూ ఉన్నాయి.

1970ల చివర, 80ల మొదట్లో వరుస కరువులు. పక్క రైతులకు అత్యవసర రుణం దొరికింది, వీళ్లకు రాలేదు. వ్యవసాయ శాఖ రుణ కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి మూడేళ్లకు తెచ్చుకున్నా అప్పటికే ఆలస్యమైపోయింది. 1985లో భూమి మొత్తం పోయింది. కొన్నవాళ్లు గోతులు తవ్వించి కట్టడాలను అందులోకి తోయించారని చార్లెస్ భార్య షిర్లీ షెరాడ్ చెప్పారు.

ఇంత జరిగినా ఆ ప్రయోగం నుంచి ఒక పద్ధతి మిగిలింది. స్వాన్, ఆయన తోటివాళ్లు దాన్ని 1972లో పుస్తకంగా రాశారు, తర్వాతి దశాబ్దంలో అది ఖరారైంది. బోర్డులో మూడో వంతు ఆ భూమి మీద ఉండేవాళ్లు, మూడో వంతు చుట్టుపక్కలవాళ్లు, మిగతా మూడో వంతు ఊరి మేలు చూసే పెద్దలు, నిపుణులు. ఎవరూ ఒంటరిగా అమ్మకానికి పెట్టలేరు. 1984లో వెర్మాంట్‌లోని బర్లింగ్టన్ ఈ పద్ధతిలోనే ట్రస్టు పెట్టింది, అప్పుడు మేయర్ బెర్నీ శాండర్స్. ఇప్పుడు అమెరికాలో ఇలాంటివి 200 పైనే.

దీన్ని 1891లో చార్లెస్ ఎలియట్ చొరవతో బోస్టన్ దగ్గర మొదలైన ప్రకృతి పరిరక్షణ ట్రస్టుతో పోల్చి చూడాలి. అందులో కుర్చీలు పేరున్న కుటుంబాలవి. అడవులు, తీరాలు బాగానే కాపాడారు, కాదనను. ఆ నేల మీద బతికేవాళ్లను అడిగి చేసిన పని మాత్రం కాదది.

నల్ల రైతులపై రుణాల వివక్ష మీద పిగ్‌ఫర్డ్ దావా నడిచింది. 2009లో న్యూ కమ్యూనిటీస్‌కు సుమారు 1.2 కోట్ల డాలర్ల పరిహారం వచ్చింది. 2011లో ఆల్బనీ దగ్గర 1,638 ఎకరాల సైప్రస్ పాండ్ ఎస్టేటు కొన్నారు. ఒకప్పుడు అది జార్జియాలోని అతి పెద్ద బానిస యజమానుల్లో ఒకడైన హార్ట్‌వెల్ టార్వర్‌ది. పేరు మార్చి రిసోరా అన్నారు. చార్లెస్ 2022 అక్టోబరులో కన్నుమూశారు. పెకాన్ చెట్ల మధ్య టార్వర్ కాలం నాటి పెద్ద బంగళా ఇంకా ఉంది. దాని తాళాలు ఇప్పుడు ట్రస్టువాళ్ల దగ్గర ఉన్నాయి.