బట్టలు, బడ్జెట్: కటింగ్ టేబుల్ దగ్గర వినిపించే అపోహలు - వాస్తవాలు

విజయవాడలో బట్ట చవకగా దొరకదని ఎవరూ అనరు. వన్‌టౌన్‌లో వస్త్రలత ఉంది, బీసెంట్ రోడ్డు ఉంది, ఆషాఢం వచ్చిందంటే ఎటు చూసినా సేల్ బోర్డులే. అయినా "కట్టుకోవడానికి ఏమీ లేవు మాస్టారూ" అనే మాట టైలర్‌నైన నా టేబుల్ ముందు రోజూ వినపడుతుంది. బీరువా నిండుగానే ఉంటుంది, వేసుకునేవి మాత్రం నాలుగు జతలు. కొట్లో బేరం బాగానే ఆడతాం. పన్నా (బట్ట వెడల్పు), మార్జిన్ (కుట్టు లోపల వదిలే అదనపు బట్ట), మొదటి ఉతుకు, ఈ మూడింటి దగ్గర డబ్బు జారవిడుచుకుంటాం. మా దగ్గరికి వచ్చేవాళ్లు గట్టిగా నమ్మే సంగతులు కొన్ని చెబుతాను.

అపోహ: మీటరు రేటు తక్కువైతే బట్ట చవక.

రేటు కన్నా ముందు పన్నా అడగండి. 36 అంగుళాల పన్నాలో మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి రెండుంపావు మీటర్లు పడుతుంది, భారీ మనిషైతే రెండున్నర. అదే 58 పన్నాలో సుమారు 1.6 మీటర్లు చాలు. 36 పన్నా తాను మీటరు 160 రూపాయలు, 58 పన్నా తాను 210 అనుకుందాం. మొదటి దాంట్లో చొక్కా బట్టకి 360 అవుతుంది, రెండో దాంట్లో 336. ఎక్కువ రేటు చెప్పిన తానే చవకన్నమాట. పెద్ద గళ్ల బట్టకి ఇంకో పావు మీటరు కలుపుకోవాలి, లేకపోతే జేబు దగ్గర గళ్లు కలవవు. కట్ పీసుల దగ్గర అయితే టేపు పెట్టి వెడల్పు చూడందే డబ్బులివ్వకండి. ముక్క పొడవు రాసి ఉంటుంది గానీ పన్నా సంగతి మనం అడిగితేనే చెబుతారు.

అపోహ: హోల్‌సేల్ మార్కెట్‌లో ఏదైనా సగం ధరే.

కట్టల లెక్కన కొనేవాళ్లకి ఆ రేటు. ఒక్క చీర, ఒక్క డ్రస్ అడిగితే చాలా కొట్లలో ఇవ్వరు, ఇచ్చినా రేటు వేరు. అపార్ట్‌మెంట్‌లో నలుగురైదుగురు కలిసి వెళ్లి కట్ట కొని పంచుకుంటే లాభం. ఒక్కరే వెళ్తే ఆటో ఖర్చు కూడా లెక్కేసుకోండి.

అపోహ: కొత్త బట్ట తడిపితే మెరుపు పోతుంది, అలాగే కుట్టేయాలి.

మా పనిలో గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. నేసేటప్పుడు, ఆ తర్వాత ఫినిషింగ్‌లో నూలును లాగి బిగించి ఉంచుతారు. నీళ్లు తగలగానే ఆ బిగువు వదిలి బట్ట ముడుచుకుంటుంది. నూటికి మూడు వంతులు తగ్గినా 40 అంగుళాల ఛాతీలో అంగుళం పైనే పోతుంది. అప్పుడు "కొలత తప్పు తీశావు" అని టైలర్‌ని అంటారు. కాటన్ అయితే రాత్రి నీళ్లలో నానేసి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి తీసుకురండి. పాలిస్టర్‌కి ఈ బాధ లేదు.

జాకెట్టు లైనింగ్ సంగతి చాలామందికి తోచదు. పైబట్ట పట్టు, లోపలి లైనింగ్ కాటన్ అయినప్పుడు, ఉతికాక లైనింగ్ ఒక్కటే ముడుచుకుని పైబట్టని ముడతలు పడేలా లాగేస్తుంది. చీర ఫాల్ కూడా అంతే. తడపని కాటన్ ఫాల్ వేస్తే మొదటి ఉతుకుకే అంచు గుంజుకుపోయి కుచ్చిళ్లు నిలబడవు. ఎంత పట్టు చీరైనా కుచ్చిళ్ల దగ్గరే చిన్నబోతుంది. తడిపిన ఫాల్ వేయమని అడగడానికి మొహమాటపడకండి.

అపోహ: ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు దిగదు.

అద్దకంలో రంగు నూలుకి బాగా ఎక్కడానికి ఉప్పు వాడతారు, నిజమే. అద్దేసిన బట్ట మీద ఇంట్లో వేసే ఉప్పుకి ఆ పని చేతకాదు. దిగేది ఎక్కువైన రంగు. మొదటి రెండు మూడు సార్లు చల్లని నీళ్లలో విడిగా జాడిస్తే పోతుంది. అప్పటికీ ఆగకపోతే అద్దకమే బాగోలేదు.

అపోహ: ఆల్టరేషన్ దండగ, కొత్తది కొనుక్కుంటే పోలా?

అసలు డబ్బు మిగిలేది ఇక్కడే. రెడీమేడ్ కొనేటప్పుడు దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూడండి. పావు అంగుళమే వదిలి ఓవర్‌లాక్ చేసేస్తే (అంచు కత్తిరించి దారంతో అల్లేస్తే) రేపు మీరు కాస్త లావైతే ఎవరూ ఏమీ చేయలేరు. కుట్టించుకునే జాకెట్టుకైతే పక్కల అంగుళంన్నర మార్జిన్ అడిగి వదిలించుకోండి. ప్యాంటుకి వెనక సీటు కుట్టులోనూ, కింద మడతలోనూ ఉండాలి. నడుము, పొడవు, చేతులు సులువుగా సరిచేయొచ్చు. భుజం మాత్రం చేయి మొత్తం విప్పి మళ్లీ ఎక్కించాల్సిన పని. అందుకే రెడీమేడ్ చొక్కా భుజం చూసి కొనండి, నడుము సంగతి మేం చూసుకుంటాం.

కాలర్ అరిగిన చొక్కా పారేయక్కర్లేదు. కాలర్ విప్పి తిప్పి కుడితే అడుగు వైపు పైకి వస్తుంది. కొనలకి గుండీలుండే కాలర్‌కి మాత్రం ఇది కుదరదు. ఆడపిల్లల పట్టు లంగాకి లోపల టక్కులు (అడ్డంగా కుట్టే మడతలు) వేయించడం పాత అలవాటే. ఏడాదికొకటి విప్పుకుంటూ పోతే మూడో తరగతిలో కుట్టించింది ఐదో తరగతికీ వస్తుంది. విప్పినచోట గీత కనపడుతుంది నిజమే. దాని మీద సన్న లేసు వేస్తే అది డిజైనే అనుకుంటారు.

అపోహ: చేనేత మన బడ్జెట్‌కి అందదు.

మంగళగిరి మనకీ గుంటూరుకీ మధ్యనే ఉంది. నిజాం అంచు చీరలే కాదు, ప్లెయిన్ కాటన్ మీటర్ల లెక్కన కూడా దొరుకుతుంది. కుర్తాకైనా చొక్కాకైనా పనికొస్తుంది. చేనేత సహకార సంఘం ఆప్కో దుకాణాల్లో పండగలకి రిబేటు ఇస్తుంటారు, అప్పటిదాకా ఆగొచ్చు. హ్యాండ్లూమ్ మార్క్ చూసి తీసుకోండి, ఎందుకంటే అదే పోలికతో మరమగ్గం సరుకు కూడా వస్తోంది. పైగా మన మే నెల ఎండలకి బట్ట చెమట పీల్చాలి. మామూలు గాలిలో కాటన్ తన బరువులో నూటికి ఏడెనిమిది వంతుల తేమ పట్టుకుంటే, పాలిస్టర్ అర వంతు కూడా పట్టుకోదు. చెమట, జిడ్డు అందులో ఉండిపోయి వాసన వస్తుంది. ఆ వాసన పోగొట్టడానికి స్ప్రేలు కొంటాం, అది ఇంకో ఖర్చు.

అపోహ: గంజి పెట్టి మడతేసి దాస్తే కాటన్ చీర బాగుంటుంది.

గంజి కట్టుకునే రోజుకే. దాచే చీరలో గంజి ఉంటే వెండి పురుగులకి విందు, మడతల దగ్గర నూలు కూడా విరుగుతుంది. వానాకాలం ముందే గంజి పోయేలా ఉతికి, బాగా ఆరాక పాత కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి. పట్టు చీరల మడతలు మూడు నాలుగు నెలలకోసారి మార్చాలి. కలరా ఉండలు జరీకి తగలకూడదు. కట్టిన ప్రతిసారీ డ్రై క్లీనింగ్‌కి ఇవ్వడం కూడా అక్కర్లేదు, చెమట ఆరేదాకా నీడలో గాలికి వేస్తే చాలు.

అపోహ: సర్ఫు ఎక్కువ వేస్తే బాగా తెల్లబడతాయి.

బోరు నీళ్లలో పొడి మిగిలిపోయి తెల్లవి బూడిద రంగుకి తిరుగుతాయి. కొలత తగ్గించి ఇంకోసారి జాడించండి.

అపోహ: పసుపు మరక పడితే చొక్కా పోయినట్టే.

సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు. ఉతికి, తడి మరక మీద ఎండ పడేలా ఆరేయండి. పసుపు రంగు ఎండకి నిలవదు. ఒక రోజుకి పోకపోతే మళ్లీ తడిపి వేయండి. రంగు చొక్కా అయితే మిగతా భాగం మీద ఏదైనా గుడ్డ కప్పి మరక ఒక్కదానికే ఎండ తగలనివ్వండి, లేకపోతే చొక్కా కూడా వెలుస్తుంది.