మతం మేలా, కీడా? సంచి మాస్టారి జవాబులు

నా సంచిలో ఎప్పుడూ ఉండే సామాను ఇది: హారతి కర్పూరం, పసుపు, సున్నం, పొటాషియం పర్మాంగనేటు, గ్లిజరిను, ఒకటో రెండో కొబ్బరికాయలు. బడిలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాక, కోనసీమ ఊళ్ళలో ‘మహిమలు’ చేసి చూపిస్తూ తిరుగుతున్నాను. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడతాయని దిష్టి తీసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. అవే నీళ్ళు బాబా చేతిలో ఎర్రబడితే మాత్రం దండం పెడతారు.

ప్రదర్శన అయ్యాక పిల్లలు రసాయనాల గురించి అడుగుతారు. పెద్దలు అడిగేది ఒకటే: “ఇంతకీ మాస్టారూ, మతం మంచిదా, చెడ్డదా?” ఏ పని, ఎవరికి అని నేను ఎదురు అడుగుతాను. జవాబు తప్పించుకుంటున్నానని కొందరి అనుమానం. అందుకే తరచుగా వినే అపోహలు కొన్ని రాస్తున్నాను. వీటిలో మా వాళ్ళవీ, అంటే మనిషి మేలే కొలతగా చూసే మానవవాదులవీ, ఉన్నాయి.

అపోహ: మానవవాది అంటే దేవుణ్ణి తిట్టేవాడు.

కందుకూరి వీరేశలింగం ఏకేశ్వరవాది, రోజూ ప్రార్థన చేసుకునే మనిషి. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించింది ఆయనే. గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు నాస్తికుడు. ఆ భావాల వల్లనే 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, దేవుడి పేరు పెదవి మీద లేకుండా గడవని గాంధీతో కూర్చుని చర్చించారు. ఈ ఇద్దరినీ కలిపేది దేవుడు కాదు, మనిషి.

వీరేశలింగం గారి వాదంలో నాకు నచ్చేది ఒకటి ఉంది. ఆయన వితంతు వివాహానికి శాస్త్రాల నుంచే ప్రమాణాలు చూపారు. వద్దన్న పండితులూ శాస్త్రాలే చూపారు. పుస్తకం రెండు వైపులా నిలబడినప్పుడు తీర్పు మరెక్కడి నుంచో రావాలి. పదేళ్ళు నిండకుండానే తాళి తెగిన పిల్ల బతుకు చూసినవాడికి అది ఎక్కడి నుంచో తెలుస్తుంది.

అపోహ (ఇది మా వాళ్ళది): మతం వల్ల మేలు ఎన్నడూ జరగలేదు.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ వచ్చినవాళ్ళకూ అన్నం పెట్టారు. ఆవిడ భక్తురాలు. రామచంద్రపురంలో కుష్ఠు రోగులను చేరదీసి ఆశ్రమం నడిపింది కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు. ఇవి చెప్పినప్పుడు మా సభల్లో కొందరు ఇబ్బందిగా కదులుతారు. కదలనివ్వండి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను నాకు ఇంకా బాగా గుర్తు. మేమున్న ఊళ్ళో గట్టి శ్లాబు ఉన్నవి రెండే, బడి, చర్చి. బడి తాళంచెవి పొరుగూళ్ళో ఉండిపోయింది. చర్చి తలుపు పాస్టరు గారు చీకటి పడకముందే తెరిచి ఉంచారు. మా అమ్మ, నేను, శివాలయం పూజారి గారి కుటుంబం, పాలేరు పిల్లలు, అందరం తెల్లవార్లూ తడి గుడ్డలతో ఆ బల్లల మధ్యే కూర్చున్నాం. పొద్దున చూస్తే మా తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్టు లేదు.

దేవుడు కాపాడాడని పాస్టరు గారు అంటారు. శ్లాబు, తెరిచిన తలుపు అని నేను అంటాను. తలుపు తెరవడం ఆయనకు మతమే నేర్పి ఉంటే కాదనడానికి నేనెవరిని?

అపోహ: నమ్మకం ఎవరి సొంత విషయం వాళ్ళది, ఇతరులకెందుకు?

పూజగది వరకు అయితే నిజమే. శవం ఏ దారిన వెళ్ళాలో, ఏ శ్మశానంలో దిగాలో నమ్మకం నిర్ణయించినప్పుడు కాదు. ఇక్కడి గుళ్ళ తలుపులు దళితులకు తెరవడానికి 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టమే చేయవలసి వచ్చింది. మతం మారినా పేట మారని సంగతి డెల్టాలో పుట్టినవాళ్ళకు నేను చెప్పాలా?

అపోహ: మంత్రం వేయించుకుంటే పోయేదేముంది? తగ్గిన వాళ్ళు ఉన్నారు కదా!

ఉన్నారు. ఎందుకు తగ్గిందో చూద్దాం. మన చేలగట్ల మీద కరిచేవాటిలో చాలా వరకు నీరుకట్టు, జెర్రిపోతు లాంటి విషం లేని పాములు. విషమున్న పాము కరిచినా కొన్నిసార్లు విషం ఎక్కించదు. కాబట్టి మంత్రం వేసే ఆయన ఏమీ చేయకుండా కూర్చున్నా ఎక్కువమంది బతుకుతారు, పేరు ఆయనకు వస్తుంది. చనిపోయిన వాళ్ళకు “ఆయువు తీరింది” అంటారు. ఇలా లెక్క రాసుకుంటే నేనూ ధన్వంతరినే.

అసలు ప్రమాదం కట్లపాముతో. రాత్రి నేల మీద పడుకున్నవాడిని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి అందదు. మంత్రం దగ్గర గడిచిన రెండు గంటలే అక్కడ ప్రాణం ఖరీదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ ఒకటే విరుగుడు ఇంజెక్షను ఉంది. గట్టిగా తాడు కట్టొద్దు, గాటు పెట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఒక లంక ఊళ్ళో మంత్రం వేసే పెద్దాయనతో ఏడాదిపాటు పోట్లాడాను. లాభం లేకపోయింది. చివరికి ఇంట్లో కాకుండా ఆటోలో కూర్చుని మంత్రం వేయమని బతిమాలాను, ఆసుపత్రి దాకా. ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆయనే అందరికంటే ముందు ఆటోను కేకేస్తారు. రాజీ పడ్డానని మా సంఘంలో నన్ను విమర్శించారు. పడ్డాను.

అపోహ: 2015 పుష్కరాల తొక్కిసలాట భక్తి చేసిన హత్య.

2015 జూలై 14న రాజమండ్రి పుష్కరఘాట్‌లో 27 మంది చనిపోయారు. పంచాంగం ప్రకారమే పుష్కరం 12 రోజులు. తొలి ఘడియలోనే, అదే ఘాట్‌లోనే మునగాలని తొందరపెట్టింది 144 ఏళ్ళకోసారి వచ్చే మహాపుష్కరమంటూ సాగిన హడావుడి. వచ్చే దారి, పోయే దారి, గేట్లు, జనాన్ని ఆపే చోటు, ఇవి దేవుడి పనులు కావు. 2027లో పుష్కరాలు మళ్ళీ వస్తాయి. స్నానం మానమని నేను ఎవరికీ చెప్పను. రెండో వారం వెళ్ళమంటాను, ఘాట్ల లెక్క అధికారులను ఇప్పుడే అడగమంటాను.

అపోహ: దండలు మార్చుకుంటే పెళ్ళి అయిపోయినట్టే.

పురోహితుడు లేకుండా సభలో దండలు మార్పించే సభావివాహాలు జరిపించే నాలాంటి వాళ్ళు సరిగా చెప్పక ఆడపిల్లలకు నష్టం చేసిన విషయం ఇది. తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టాన్ని సవరించి, పురోహితుడు లేని ఇలాంటి ఆత్మగౌరవ వివాహాలకు చోటిచ్చింది. మన దగ్గర ఆ సవరణ లేదు. సంప్రదాయ తంతు జరగకుండా ధ్రువపత్రం ఒక్కటే ఉంటే అది హిందూ వివాహం కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. తంతు వద్దనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే దారి. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. తర్వాత ముగ్గురు సాక్షులతో వెళ్ళాలి, నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలలు దాటకూడదు. ఈ కాగితం చేతికి వచ్చే దాకా నేను మైకు పట్టుకోను.

అపోహ: కళ్ళు ఇచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్ళుగా పుడతారు.

వచ్చే జన్మ సంగతి నాకు తెలియదు. ఈ జన్మలో అయితే చనిపోయిన ఆరు గంటలలోపు తీయాలి. కళ్ళజోడు, శుక్లాల ఆపరేషను, షుగరు అడ్డం కావు. ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టండి. ముఖం వికారంగా మారదు.

మొన్న సంక్రాంతి ముందు ఒక ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు ఆ మాట చెబితే, పెద్దావిడ చాలాసేపు గోడ వైపు చూసి, “ఆయనకు పిండం మాత్రం మానం బాబూ” అన్నారు. మానొద్దన్నాను. కళ్ళు ఇచ్చారు. పదో రోజు గోదావరి ఒడ్డున పిండమూ పెట్టారు. పెద్దకర్మ భోజనానికి నన్నూ పిలిచారు, వెళ్ళాను. గారెలు కరకరలాడుతూ వచ్చాయి.