ఫార్వర్డ్ అంటే గోల్సేనా? బలరామ్ కెరీర్ చుట్టూ కొన్ని అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్‌లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను. ఎక్కువగా ఫార్వర్డ్‌లతోనే నా పని. మ్యాచ్ అవగానే తల్లిదండ్రులు అడిగే మొదటి మాట "మావాడు గోల్ కొట్టాడా సార్?" అనే. అప్పుడు నేను తులసీదాస్ బలరామ్ పేరు ఎత్తుతాను. ఇక్కడి అమ్ముగూడలో పుట్టి, 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన ఫార్వర్డ్ ఆయన. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూశారు. సొంత ఊళ్లోనే ఆయన పేరు తెలిసిన పిల్లలు తక్కువ. అది నాకు చాలా బాధగా ఉంటుంది.

అపోహ: గోల్స్ లెక్కే ఫార్వర్డ్ గొప్పతనం.

వాస్తవం: లెక్క తీసినా బలరామ్ తక్కువేం కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద మనం 1-2తో ఓడాం. ఆ ఒక్క గోల్ ఆయనదే. పెరూ మీద 1-3తో ఓడిన మ్యాచ్‌లోనూ మన గోల్ ఆయనదే. ఆ హంగేరీ జట్టులో ఫ్లోరియాన్ ఆల్బర్ట్ ఉన్నాడు, తర్వాత 1967లో బాలన్ డి'ఓర్, అంటే ఐరోపా ఉత్తమ ఆటగాడి అవార్డు గెలిచినవాడు. అలాంటి జట్టుతో ఒక్క గోల్ తేడా!

కానీ 1962 ఫైనల్ చూడండి. దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం. గోల్స్ కొట్టింది పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. స్కోరు కార్డులో బలరామ్ పేరు లేదు. అంటే ఆయన ఊరికే నిలబడ్డాడనా? ఎడమవైపు ఆడుతూ, బంతి కోసం మిడ్‌ఫీల్డ్ దాకా వెనక్కి దిగి, తోటి ఫార్వర్డ్‌లు చునీ గోస్వామికో, పి.కె.కో అందించడం ఆయన ఆటలో పెద్ద భాగం.

ఇందులో కిటుకు ఏమిటంటే, ఫార్వర్డ్ నాలుగు అడుగులు వెనక్కి దిగగానే అతన్ని కాపలా కాసే డిఫెండర్‌కు టెన్షన్ మొదలవుతుంది. వెంట వస్తే వాడి వెనక ఖాళీ ఏర్పడుతుంది, రాకపోతే ఫార్వర్డ్ తీరిగ్గా గోల్ వైపు తిరుగుతాడు. ఆ ఖాళీలోకి ఇంకొకడు పరుగెత్తి గోల్ కొడితే చప్పట్లన్నీ వాడికే. కాబట్టి ఈసారి మ్యాచ్‌లో ఓ పది నిమిషాలు బంతిని వదిలేసి మీవాణ్ణే చూడండి. పాస్ అందుకునే ముందు భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూశాడా? చూస్తే చాలు, పని నేర్చుకుంటున్నాడన్నమాట.

అపోహ: ఎడమ కాలితో ఆడటం పుట్టుకతో రావాలి.

వాస్తవం: ఈ మాటకు హైదరాబాద్ ఎప్పుడో జవాబు చెప్పింది. బలరామ్‌ను వెలికితీసిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. రహీమ్ సాబ్ ఇక్కడ బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో ఇంకో రకం పోటీలు కూడా నడిపేవారు. వాటిలో బంతిని కాలి దగ్గర ఉంచుకునే వీలు లేదు. అది రాకముందే ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవాలి. 1956-57, 1957-58లో వరసగా సంతోష్ ట్రోఫీ (రాష్ట్రాల జట్ల మధ్య జరిగే జాతీయ పోటీ) గెలిచిన హైదరాబాద్ జట్టు ఆ వాతావరణంలో తయారైందే. నేను ఇప్పటికీ ప్రాక్టీస్ చివర్లో ఈ రెండు ఆటలూ ఆడిస్తాను. మొదట్లో పిల్లలు విసుక్కుంటారు. బంతి ఎక్కడెక్కడికో పోతుంది. పోనివ్వాలి.

అపోహ: ఆ కాలంలో మనవాళ్లు బూట్లు లేకుండా ఆడేవాళ్లు.

వాస్తవం: 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడిన మాట నిజమే. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడాక పరిస్థితి మారింది. బలరామ్ తరం బూట్లతో ఆడిన తరం.

అపోహ: గోల్స్ కొట్టేవాణ్ణి డిఫెన్స్‌లో, డిఫెండర్‌ని ముందు ఆడిస్తే కెరీర్ పాడవుతుంది.

వాస్తవం: పైన చెప్పిన జర్నైల్ సింగ్ అసలు డిఫెండర్. 1962 ఆసియా క్రీడల్లో ఆయన తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అప్పుడు భారత జట్టు కోచ్ కూడా అయిన రహీమ్ సాబ్ ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. ఫైనల్లో గోల్ కొట్టాడు.

అపోహ: కాళ్లలో సత్తా తగ్గాకే ఫార్వర్డ్ రిటైరవుతాడు.

వాస్తవం: బలరామ్‌కు అర్జున అవార్డు 1962లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఆట ఆగిపోయింది. అప్పటికి ముప్పై కూడా నిండలేదు. కారణం ప్లూరిసీ, అంటే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే వాపు. ఇంకా ఎన్నో ఏళ్లు ఆడాల్సినవాడు. ఈ ముక్క చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

అందుకే తల్లిదండ్రులకు గట్టిగా చెబుతాను. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టుందని పిల్లవాడు అంటే "గ్యాస్ నొప్పి, పరుగెత్తితే పోతుంది" అనకండి. రోజుల తరబడి దగ్గు తగ్గకపోయినా అంతే. ప్రాక్టీస్ ఆపించి డాక్టర్‌కు చూపించండి, మర్నాడు సెలక్షన్ ట్రయల్స్ ఉన్నా సరే.